టెలివిజనునకు శుద్ధవిద్యుత్తు వలయునా?
విద్యుత్తును వడపోయు పెట్టె కొన్నచో టెలివిజను బొమ్మయు, పాటల ధ్వనియు మెఱుగగునా యని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల రైతుసోదరులు కొందఱు మమ్మడుగుచున్నారు. కాదనియే మా యభిప్రాయము. జూరాల జలవిద్యుత్తైనను బొగ్గు విద్యుత్తైనను, ఇంటికి వచ్చు 230 వోల్టుల ప్రవాహమును టెలివిజను తనలోనే ఏకముఖ ప్రవాహముగా మార్చి, కెపాసిటరులతో నిలకడపఱచుకొనును. వడపోత యచ్చటనే జరుగుచున్నది. బోరుమోటారు స్టార్టరు పడినపుడు వినవచ్చు టక్కను మ్రోత యొకింత తగ్గునేమో! అంతమాత్రమునకు వేలు వెచ్చింపనేల?

నిజముగా భయపడవలసినది ట్రాన్స్‌ఫార్మరు నొద్ద న్యూట్రలు తీగ తెగుటకు. అప్పు డొక యింట దీపము మసకబాఱును. పొరుగింట వోల్టేజి 400 దాక నెగయవచ్చును. టెలివిజను క్షణములో కాలిపోవును. కావున ఆ సొమ్ముతో వైరింగును, ఎర్తును సరిచూపించుకొని, వోల్టేజి హెచ్చినపుడు సరఫరాను తానే తెంచు సాధనమును పెట్టించుకొనుడు. దీపములు కొన్ని మసకగను, కొన్ని మితిమీఱియు వెలిగినచో వెంటనే మెయిన్‌స్విచ్చి దించి లైన్‌మానునకు కబురంపుడు.