వార్తల్లో పదం: అలర్ట్

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతముల కర్మాగారములలో నేడు వినవచ్చు ‘అలర్ట్’ అను మాట, పూర్వము ఊరిలో దండోరా చేసిన పనినే కంప్యూటరుచేత చేయించుట తప్ప వేఱుగాదు. 2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, ఔషధ తయారీ మొదలగు 17 రకముల పరిశ్రమలకు నిరంతర పర్యవేక్షణ యంత్రములను నిర్దేశించిన నాటనుండి, వ్యర్థజలముల కడనున్న సెన్సారులు పీహెచ్, సీఓడీ మొదలగు కొలతలను ఎడతెగక సర్వరునకు పంపుచుండగా, విలువ హద్దు మీఱినచో కర్మాగారమునకును మండలికిని ఎస్సెమ్మెస్ పోవునట్లు ఏర్పాటు గలదు.

మెలకువ యంతయు అమరికలోనే యున్నది. హద్దు ఎంత, ఎంతసేపు మీఱినచో సందేశము పోవలెను, తొలుత ఎవరికి, వారు పలుకనిచో పిమ్మట ఎవరికి అనునవి నిర్ణయింపక, ప్రతి క్షణికమైన ఒడిదుడుకునకును ఫోను మ్రోగునట్లు చేసినచో ‘నాన్నా పులి’ కథయే పునరావృత్తమగును; రాత్రి షిఫ్టు ఉద్యోగి విసిగి ఫోనును సైలెంటులో పెట్టును (ఆతనిని నిందించుట నాకు న్యాయముగా దోపదు). దీనినే ‘అలర్ట్ ఫటీగ్’ అందురు. ఇక సెన్సారు చెడి కొలతలే రాకుండుట మఱియొక చిక్కు: అప్పుడు హద్దు మీఱు విలువయే లేదు గనుక సర్వరు నిశ్చింతగా నుండును. కావున, నిర్ణీత కాలము కొలత రాకున్నచో మ్రోగు అలర్టును వేఱుగా అమర్చుదురు.