వెబ్‌సైటు చేయించుకొను తల్లిదండ్రులకు

మన హోసూరు ప్రాంతమున బట్టల కొట్లు, మిఠాయి దుకాణములు నడుపుకొను తల్లిదండ్రులు పలువురు, వ్యాపారమునకు వెబ్‌సైటు చేయించుట కెవరిని కుదుర్చుకొనవలెనని మమ్ము అడుగుచున్నారు. డిజైనరు నేర్పును చూచుటకు ముందు, పని ముగిసిన పిదప తాళము ఎవరిచేత నుండునో విచారింపుడని మేము చెప్పుచుందుము.

వెబ్‌సైటునకు మూడు అంగములు కలవు. డొమైను అనగా పేరు. అది అంగడి బోర్డువంటిది. హోస్టింగు అనగా చోటు. అది అద్దె గదివంటిది. మూడవది పుటలు. పేరును శాశ్వతముగా కొనుట కుదరదు. సాధారణముగా 1 మొదలు 10 సంవత్సరముల గడువునకు నమోదు చేయించి, గడువు తీరకమున్నే మరల రుసుము కట్టవలెను. డిజైనరు దానిని తన పేరనే నమోదు చేసికొన్నచో, అతడు ఊరు విడిచినను, తగవు వచ్చినను, ఆ పేరు మీ చేజారవచ్చును. సంచులపైనను రసీదులపైనను అచ్చువేయించిన చిరునామా వ్యర్థమగును. కావున నమోదు మీ పేరను, మీ ఈ-మెయిలుతోను జరుగవలెను. పాస్‌వర్డులు మీయొద్దనే యుండవలెను.

పిమ్మట అతడు చేసిన రెండు మూడు సైట్లను మీ ఫోనులో తెరచి చూడుడు. తెలుగు, తమిళము రెండును యూనికోడు అక్షరములలో నుండవలెను. 1991లో వెలువడిన యూనికోడు తొలి కూర్పునందే ఈ రెండు లిపులును చేరినవి. బొమ్మగా అతికించిన వ్రాత వెదకువారికి సులభముగా దొరకదు.

ధరలు మార్చుటకు ప్రతిసారి అతనినే పిలువవలెనా, ఏటేటా కట్టవలసిన దెంత అను సంగతులను కాగితముపై వ్రాయించుకొనుడు. నమోదు రసీదు మీ పేర వచ్చినదో లేదో, సొమ్ము పూర్తిగా చెల్లింపకమున్నే, మీ బిడ్డచేత చదివించుకొనుడు.