ముల్లు ఎర్రగీత చేరితే

వేసవిలో మన గుంటూరు, ప్రకాశం జిల్లాల రోడ్ల మీద బానెట్ ఎత్తి ఆపిన బండి కనిపించని రోజుండదు. మిర్చి రవాణా, మండుటెండలూ ఒక్కసారే వస్తాయి గదా! అలా ఆగిన బండి దగ్గర చాలామంది మొట్టమొదట చేసే పని, ఎంతమాత్రం చెయ్యకూడని పని ఒకటే. అది రేడియేటరు మూత తియ్యడం.

కిందటి వేసవిలో మా బాబాయి చేసిందీ అదే. మిర్చి టిక్కీల లారీ ముందు పోయింది. వెనక పాత జీపులో మేమిద్దరం గుంటూరు యార్డుకి బయల్దేరాం. మార్టూరు దాటి వేగం అందుకున్న కొద్దీ ముల్లు పైకెక్కింది. చిలకలూరిపేట దగ్గర ఆవిరి లేచింది. "నీళ్లయిపోయినట్టున్నాయిరా" అంటూ బాబాయి తువ్వాలు చుట్టి మూత తిప్పాడు. మోచేతి దాకా బొబ్బలెక్కింది.

కారణం మనం క్లాసులో చదువుకున్నదే. పీడనం పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మూత బిగించి ఉన్నప్పుడు రేడియేటరులో పీడనం బయటి గాలికన్నా సుమారు ఒక వాతావరణం ఎక్కువ. అప్పుడు నీరు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తీస్తే పీడనం పోతుంది, నీరు ఒక్కసారిగా మరుగుతుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరైతే సుమారు 1,700 ఘన సెంటీమీటర్ల చోటు కావాలి. అది చేతి మీదికే వస్తుంది.

అసలు జబ్బేమిటో ముల్లు ముందే చెబుతుంది. ఎప్పుడు లేచిందో గమనించాలి, అంతే.

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు లేచి, కదలగానే దిగితే ఫ్యాను తిరగడం లేదన్నమాట. వేగంలోనో, బరువు లాగుతున్నప్పుడో లేస్తే రేడియేటరు పూడిందని అనుమానించాలి. బ్యాటరీ దీపం వెలిగి, ముల్లు కూడా లేస్తే బెల్టు తెగి ఉండవచ్చు. బాగా లేచిన ముల్లు హఠాత్తుగా కిందికి పడితే సంతోషించకండి. నీళ్లు పూర్తిగా పోయి, కొలిచే పరికరం గాలిలో ఉండవచ్చు. పొగగొట్టం నుంచి తెల్లటి ఆవిరి ఆగకుండా వస్తూ, నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే అనుకోవాలి. ఆయిల్ ఎర్రదీపం వెలిగితే మరి ఆలోచన లేదు, వెంటనే ఇంజను ఆపాలి.

మా జీపుది రెండో రకం. మెకానిక్ రేడియేటరు విప్పితే రెక్కల మధ్య పత్తి నూగు, కల్లం దుమ్ము పిడికెడు వచ్చింది. లోపలి గొట్టాల్లో మా బోరునీళ్ల సున్నం గార కట్టింది. అన్నం గిన్నెకి పట్టే గారే అది. వేడిని బయటికి పోనివ్వదు. అందుకే కూలెంటూ, డిస్టిల్డ్ వాటరూ పొయ్యాలి. పత్తి రోజుల్లో రేడియేటరు రెక్కల్ని మెల్లగా నీళ్లతో కడగాలి.

ముల్లు సగం దాటితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పండి. ఉక్కపోసినా ఇంజను వేడి కొంత లాగేస్తుంది. ఎర్రగీత చేరినా, ఆవిరి కనిపించినా పక్కకి తీసి ఇంజను ఆపండి. కనీసం అరగంట, పైగొట్టం చేతికి చల్లగా తగిలేదాకా మూత జోలికి పోవద్దు. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగలవచ్చు. చెయ్యి కాలితే 20 నిమిషాలు చల్లటి పారే నీటి కింద పెట్టి, ఆసుపత్రికి వెళ్లండి.

బాబాయి చెయ్యి మానింది, మచ్చ మిగిలింది. ఆ రోజు పక్కనే నిలబడ్డ నేను పీడనం పాఠం చదివినవాణ్ణే. పరీక్షలో మార్కులూ వచ్చాయి. "బాబాయ్, ఆగు" అన్న రెండు మాటలు మాత్రం నోట రాలేదు. మీరు మీ ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి.