మందుబండిపై కూలివాని ప్రాణము

పాపఘ్ని పాలకొండలను చీల్చుకొని వచ్చు గండిని జూచినవారికి నీటి యోర్పు తెలియును. ఎన్నియో యుగములు పట్టిన యా పనిని మనము రెప్పపాటులో ముగింపదలచి, రాతిలో మందు కూరి ప్రేల్చుచున్నాము. కడప జిల్లాలో ముగ్గురాతి గనులును, సున్నపురాతి గనులును ఉన్నంతకాలము ఆ మందు బండ్లపై వచ్చుచునే యుండును.

ఈ జిల్లాలోనే కలసపాడు మండలము మామిళ్లపల్లె గనియొద్ద 2021 మే 8వ తేదీన బండినుండి జిలెటిన్ కడ్డీలను దించుచుండగా అవి ప్రేలి 10 మంది మృతినొందిరి.

2003 అక్టోబరు 1వ తేదీన అలిపిరియొద్ద మందుపాతరలు ప్రేలినపుడు, ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు కవచముగల కారులో నుండుటచేత గాయపడియు బ్రదికిరి. కవచ మక్కరకు వచ్చినందుకు సంతోషింపవలసినదే.

అయితే ప్రేలుడు చంపునది నిప్పుచేతనే కాదు. మొదట గాలి యలయై వచ్చి చెవులను, ఊపిరితిత్తులను దెబ్బతీయును. పిమ్మట తునుకలు తగులును. బండి క్రిందనే ప్రేలెనా, నేలపలక ఒక్కుమ్మడిగ పైకెగసి కాళ్లను, వెన్నెముకను విరుచును. లోపల కట్టక వదలిన పెట్టెయు పనిముట్టును ఈటెలవలె నెగురును. అందుకే మెదకు ఆయుధ కర్మాగారమున చేసిన మందుపాతర రక్షణవాహనములకు అడుగుభాగమును నాగటికఱ్ఱువలె కోసుగా దీర్చిరి. ప్రేలుడు వేగము ప్రక్కలకు చెదరిపోవును. ఇట్టి వాహనములలో ఆసనములను నేలకు బిగింపక వ్రేలాడదీయుటయు, కూర్చున్నవానిని పట్టీలతో బంధించుటయు కలదు. ఇంతచేసినను, 2005 సెప్టెంబరులో ఛత్తీస్‌గఢ్ అడవులలో అట్టి వాహనమే ప్రేలుడునకు లోనై అందలి జవానులు ప్రాణములు గోల్పోయిరి.

కూలివానికి ఉక్కుబండి యెక్కడ తెత్తుమని గని యజమానులు మమ్మడుగుదురేమో! మేము దానిని కోరుటలేదు. మందు తన క్రిందనే యున్నవానిని ఏ కవచమును కాపాడజాలదు. వానిని బండి దింపుటయే రక్షణ. దూరము రెట్టింపైనచో గాలిదెబ్బ సగముకంటె నెంతయో తగ్గును. దీనికి దమ్మిడీ ఖర్చులేదు. జిలెటినును, డిటోనేటర్లను ఒకే బండిలో నెక్కింపరాదు. కూలీలు వేరుబండిలో రావలెను. దించునపుడు ఇద్దరు ముగ్గురు నేర్పరులుదప్ప తక్కినవారు గుట్టచాటున నుండవలెను.

నాగపూరులోని ప్రేలుడు పదార్థముల శాఖవారు గనులకు అనుమతిపత్రములిచ్చి యూరకుండక, మందు దించువేళ నెందఱు చుట్టు నిలిచియున్నారో ముందు తెలుపకయే వచ్చి చూడవలెను. గనులను కౌలున కిచ్చిన భూస్వాములును ఒకనాటి యుదయమున అచ్చటికి పోయి లెక్కించి రావచ్చును.