అటకెక్కిన అక్షరాలు

విండోస్‌కు ముందటి డాస్ ప్రోగ్రాములను ఇవాళ నడపడం పెద్ద పనేం కాదు. ఫ్లాపీని చదవడం కష్టమే, అయినా కుదురుతుంది. అందులోని తెలుగును తెలుగుగా బయటికి తేవడంలోనే ఉంది తిప్పలంతా.

జూన్ 28 నాటికి ఫ్లాపీల మీద యుద్ధం గెలిచేశామని 2024లో జపాన్ డిజిటల్ వ్యవహారాల మంత్రి టారో కోనో ప్రకటించారు. వేళాకోళానికి అన్న మాట కాదు. ఫ్లాపీల వాడకంతో ముడిపడిన నిబంధనలు అక్కడ వెయ్యికి పైగా ఉండేవి. వాటిని వదిలించుకోవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. అమెరికా అణ్వాయుధ దళాలు ఎనిమిది అంగుళాల ఫ్లాపీలకు స్వస్తి చెప్పింది 2019లో. శాన్‌ఫ్రాన్సిస్కోలో మెట్రో రైళ్లను నడిపించే వ్యవస్థ 1998 నుంచీ అయిదుంబావు అంగుళాల ఫ్లాపీల మీదే ఆధారపడిందని తెలిసి జనం ముక్కున వేలేసుకున్నారు.

మన దగ్గర ఎవరూ యుద్ధం చేయలేదు. ఫ్లాపీలు వాటంతటవే అటకెక్కాయి. పదేసి ఫ్లాపీలు పట్టే ఆ అట్టడబ్బాల్లో ఏముందో ఇంట్లోవాళ్లకే గుర్తుండదు. తెలుగు మాస్టారి వ్యాసాలు కావచ్చు, డీటీపీ సెంటర్లో కొట్టించిన థీసిస్ కావచ్చు, రైసుమిల్లు లెక్కలో, చిట్టీల ఖాతాలో, మూతపడిన వారపత్రిక పాత సంచికలో కావచ్చు. లేబుల్ మీద బాల్‌పెన్‌తో రాసిన నాలుగు ముక్కలే ఆధారం. లోపలి ఫైలు పేర్లు చూసినా పెద్దగా తెలిసేదేం లేదు. డాస్‌లో పేరుకు ఎనిమిది ఇంగ్లిషు అక్షరాలే గతి కాబట్టి ‘పెళ్లిపత్రిక’ కాస్తా ‘పెల్లిపత్’ దగ్గరే ఆగిపోతుంది.

ఇలాంటి డబ్బా చేతికొచ్చినవాళ్లు చాలామంది మొదట వెతికేది పాత సాఫ్ట్‌వేర్ కోసం. వర్డ్‌స్టార్ ఎక్కడ దొరుకుతుంది, ఫాక్స్‌ప్రో ఎవరి దగ్గరైనా ఉందా అని ఆరా తీస్తారు. నన్నడిగితే ఇది తలకిందుల వ్యవహారం. వర్డ్‌స్టార్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ కథల రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ డాస్ కంప్యూటర్‌లో వర్డ్‌స్టార్ 4.0 మీదే రాస్తానని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో చెప్పారు. కెనడా సైన్స్ ఫిక్షన్ రచయిత రాబర్ట్ జె. సాయర్ 2024లో వర్డ్‌స్టార్ డాస్ చివరి వెర్షన్‌ను మాన్యువళ్లతో సహా మూటకట్టి అందరికీ ఉచితంగా పెట్టారు. సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని కాపీలైనా ఉన్నాయి. మాస్టారి వ్యాసానికి ఉన్నది ఒక్క ఫ్లాపీ. అది రోజురోజుకూ అరిగిపోతోంది.

తుప్పు మీద రాత

మూడున్నర అంగుళాల ఫ్లాపీ ప్లాస్టిక్ తొడుగు లోపల పల్చటి మైలార్ బిళ్ల ఉంటుంది. దాని మీది పూత ఐరన్ ఆక్సైడ్, అంటే ఒక రకం తుప్పే. బిళ్లకు ఒక్కో వైపు 80 ట్రాకులు, ట్రాకుకు 18 సెక్టార్లు, సెక్టారుకు 512 బైట్లు. రెండు వైపులా కలిపితే 14,74,560 బైట్లు. ఇప్పటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో అందులో పట్టడం కష్టం. ఆ పూతను బిళ్లకు అంటిపెట్టుకుని ఉంచే జిగురు ఏళ్లు గడిచేకొద్దీ సడలిపోతుంది. అయస్కాంత గుర్తుల బలం తగ్గుతుంది. సోనీ కంపెనీ 2011లోనే ఫ్లాపీల అమ్మకం ఆపేసింది కాబట్టి అటక మీద ఉన్నవాటిలో ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినదే.

మన వాతావరణంలో వీటికి అసలు శత్రువు బూజు. కాకినాడ, విశాఖల్లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీను. ఫ్లాపీని డ్రైవ్‌లో పెట్టే ముందు దాని లోహపు తలుపును వేలితో పక్కకు జరిపి, బిళ్లను మెల్లగా తిప్పుతూ వెలుతురులో చూడాలి. నల్లగా, నున్నగా మెరిస్తే సరే. తెల్లటి మచ్చలో, బూడిదరంగు చారికలో కనిపిస్తే డ్రైవ్ జోలికి పోకూడదు. ఆ బూజు డ్రైవ్ హెడ్‌కు అంటుకుని ఆ ఫ్లాపీని గీకేస్తుంది, తర్వాత పెట్టిన మంచి ఫ్లాపీలనూ గీకేస్తుంది. కుళ్లిన మామిడిపండు ఒక్కటి బుట్టంతా పాడుచేసినట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో, గట్టిగా రుద్దకుండా తుడిచి, పూర్తిగా ఆరాకే తర్వాతి పని.

రెండో జాగ్రత్త, దాని మీద కొత్తగా ఏమీ రాయబడకుండా తాళం వేయడం. ఇక్కడ చిన్న మెలిక ఉంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి మూలనున్న చిన్న కిటికీ తెరిచి ఉంటే భద్రం. అయిదుంబావు ఫ్లాపీకి అంచునున్న గాటును స్టిక్కరుతో మూసేస్తే భద్రం. ఒకదానికొకటి పూర్తిగా ఉల్టా. ఈ తాళం వేయకుండా విండోస్ కంప్యూటర్‌లో పెడితే, పాత డిస్కును గుర్తుపట్టలేక ‘ఫార్మాట్ చేయమంటారా’ అని మర్యాదగా అడుగుతుంది. అలవాటు కొద్దీ ‘సరే’ నొక్కామా, అంతే సంగతులు.

ఇక చదవడం. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ కొంటే డాస్, విండోస్ కాలపు మూడున్నర అంగుళాల ఫ్లాపీలు చాలావరకు చదువుతుంది. అప్పుడైనా ఫైళ్లను ఒక్కొక్కటే కాపీ చేయడం మొదలుపెట్టకూడదు. డిస్కు మొత్తాన్ని మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఒకే ఫైలుగా, ఇమేజ్‌గా, దించుకోవాలి. లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఈ పనిలో ఆరితేరింది. ముందు తేలిగ్గా చదవగలిగిందంతా గబగబా లాగేస్తుంది, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి తర్వాత తీరిగ్గా వెనక్కొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందీ ఒక పటంలో రాసిపెట్టుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, అదే ఫ్లాపీని ఇంకో డ్రైవ్‌లో పెట్టి కొనసాగించవచ్చు. ఇది చిన్న సౌకర్యం కాదు. ఒక డ్రైవ్ చదవలేని ట్రాకును మరో డ్రైవ్ చదవడం మామూలే. హెడ్ వెంట్రుకవాసి పక్కకు జరిగిన డ్రైవ్‌లో రాసిన ఫ్లాపీ, అలాగే జరిగిన డ్రైవ్‌కే సులువుగా లొంగుతుంది.

చెడ్డ సెక్టారు వచ్చినప్పుడు చెవికే తెలుస్తుంది. అప్పటిదాకా ఒకే లయలో టిక్కుటిక్కుమంటూ లోపలికి జరుగుతున్న హెడ్ ఠక్కున ఆగి, మొదటి ట్రాకు దాకా గరగరమంటూ వెనక్కి పోయి మళ్లీ వస్తుంది. డాస్ రోజుల్లో ఈ చప్పుడు వెంటే తెర మీద ‘అబార్ట్, రీట్రై, ఫెయిల్?’ అన్న ప్రశ్న ప్రత్యక్షమయ్యేది. ఆ మూడింటిలో ఏది నొక్కినా ఒరిగేది తక్కువే.

అయిదుంబావు ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవ్ పనికిరాదు. పాత సామాన్ల కొట్లలో అసలు డ్రైవ్ వెతికి పట్టుకోవాలి. దాన్ని ఇప్పటి కంప్యూటర్‌కు కలపడానికి కీర్ ఫ్రేజర్ రూపొందించిన గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. డిజైన్ అందరికీ తెరిచి పెట్టారు, ధరా తక్కువే. ఇది సెక్టార్లనూ ఫైళ్లనూ పట్టించుకోదు. పూత మీద అయస్కాంత దిశ ఎక్కడెక్కడ మారిందో ఆ కాలాలను మాత్రమే నమోదు చేసుకుంటుంది. అర్థం చెప్పడం తర్వాత సాఫ్ట్‌వేర్ పని. ఒకే ట్రాకును పలుమార్లు చదివి, ఒకసారి తప్పిపోయింది మరోసారి దొరుకుతుందేమో చూడవచ్చు. మామూలు డ్రైవ్ ‘నా వల్ల కాదు’ అని చేతులెత్తేసిన చోట ఇది కనీసం విన్నదంతా మన చేతిలో పెడుతుంది.

ఒక శుభవార్త కూడా. డాస్‌లో ఫైలు చెరిపేయడమంటే దాని పేరులో మొదటి అక్షరాన్ని మార్చి, అది ఆక్రమించిన చోటును ఖాళీగా రాసుకోవడమే. లోపలి సరుకు అక్కడే ఉంటుంది. అందుకే డాస్ 5లో అన్‌డిలీట్ ఆజ్ఞ ఇస్తే పేరులో మొదటి అక్షరం ఏమిటో మనల్నే అడిగేది. దాని మీద మరొకటి రాయకపోతే, ముప్పై ఏళ్ల కిందట చెరిపేశామనుకున్న ఉత్తరం కూడా ఇమేజ్‌లో దొరకవచ్చు. మీ ఫ్లాపీల డబ్బాను ఇంకెవరికైనా అప్పగించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

వేగమే జబ్బు

ఇమేజ్ చేతికొచ్చాక డాస్ నడపడం చాలా తేలిక. విండోస్ 11లో పాత ప్రోగ్రాము మీద క్లిక్ చేస్తే మొరాయిస్తుంది, నిజమే. 64 బిట్ విధానంలో నడిచే ప్రాసెసర్లలో పాత 8086 ప్రాసెసర్ వేషం వేసే ఏర్పాటు లేదు, దాని మీద ఆధారపడిన డాస్ విభాగాన్ని మైక్రోసాఫ్ట్ 64 బిట్ విండోస్‌లో పెట్టనేలేదు. అందుకే మొత్తం పాత కంప్యూటర్‌నే సాఫ్ట్‌వేర్‌తో అనుకరిస్తారు. ఆటల కోసం 2002లో బయటికొచ్చిన డాస్‌బాక్స్ వీటిలో ప్రసిద్ధం. లెక్కల ప్రోగ్రాములకైతే డాస్‌బాక్స్-ఎక్స్ మేలు, ప్రింటింగ్ సంగతి కూడా చూసుకుంటుంది. నిఖార్సయిన డాస్ కావాలంటే, 1994లో జిమ్ హాల్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఫ్రీడాస్ ఇంకా బతికే ఉంది. ఎమ్మెస్ డాస్ 4.0 సోర్సు కోడునైతే 2024లో మైక్రోసాఫ్టే బయటపెట్టింది.

విచిత్రమైన చిక్కులు లేకపోలేదు. టర్బో పాస్కల్‌లో రాసిన ప్రోగ్రాము తెరవగానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అంటూ పడిపోతుంది. సున్నాతో భాగించారన్నది దాని ఆరోపణ. నిజానికి ఎవరూ భాగించలేదు. ప్రోగ్రాము మొదలవగానే గడియారం ఒక్క టిక్కులో, అంటే 55 మిల్లీసెకన్లలో, ప్రాసెసర్ ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి 55తో భాగిస్తుంది. ఇప్పటి ప్రాసెసర్లకు ఆ ఫలితం 16 బిట్లలో ఇమడదు. ప్రాసెసర్ దానికీ, సున్నాతో భాగించినదానికీ ఒకే గంట కొడుతుంది. డాస్‌బాక్స్‌లో కంట్రోల్, ఎఫ్11 నొక్కుతూ వేగం తగ్గిస్తే చాలాసార్లు దారికొస్తుంది.

ఫాక్స్‌ప్రో, డీబేస్ లెక్కలకు ప్రోగ్రామే అక్కర్లేదు. ఆ డీబీఎఫ్ ఫైళ్లను లిబ్రెఆఫీస్ నేరుగా తెరుస్తుంది. పాత వర్డ్‌స్టార్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మాత్రం ప్రతి మాట చివరి అక్షరమూ వికారంగా కనిపిస్తుంది. మాట ముగిసిందని గుర్తు పెట్టుకోవడానికి వర్డ్‌స్టార్ ఆ అక్షరం విలువకు 128 కలిపేది. తీసేస్తే ఇంగ్లిషు శుభ్రంగా బయటపడుతుంది.

ఇంగ్లిషు, అంతవరకే.

క అంటే నిలువు గీత

అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ 1985లో అమిగా కంప్యూటర్ మీద గీసిన బొమ్మలను 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ కంప్యూటర్ క్లబ్బు విద్యార్థులు ఫ్లాపీల నుంచి వెలికితీశారు. డిస్కులు చదవడంతో వారి పని అయిపోలేదు. మార్కెట్లోకి రాకముందటి సాఫ్ట్‌వేర్‌తో దాచిన ఫైళ్లవి, ఏ ప్రోగ్రాముకూ అర్థం కావు. బైట్ల అమరిక చూసి ఊహించుకుంటూ ఆ గుట్టు విప్పుకోవాల్సి వచ్చింది. తెలుగు ఫ్లాపీలు తెరిచిన ప్రతివాళ్లూ చిన్న ఎత్తున చేయాల్సిన పని అదే.

డాస్‌కు తెలుగు రాదు. కాన్పూర్ ఐఐటీలో పురుడుపోసుకుని, పుణేలోని సీడాక్ సంస్థ చేతిలో పెరిగిన జిస్ట్ కార్డును కంప్యూటర్లో బిగిస్తే డీబేస్, లోటస్ లాంటి ఇంగ్లిషు ప్యాకేజీల్లోనే తెలుగు కనిపించేది. అది వాడిన సంకేతపద్ధతి ఇస్కీ, 1991లో భారతీయ ప్రమాణమైంది. ఇస్కీలో ‘క’ విలువ 179. హిందీ ‘క’కీ, కన్నడ ‘క’కీ అదే. కార్డు లేని డాస్‌కు మాత్రం 179 అంటే గడులు గీయడానికి వాడే నిలువు గీత. క నుంచి హ దాకా హల్లులన్నీ ఆ గీతల బస్తీలోనే పడ్డాయి. ‘తెలుగు’ అని రాసిన చోట ‘త’ ఇంగ్లిషు టీ ఆకారపు గీతగా, దాని ఎత్వం గ్రీకు ఆల్ఫాగా, కొమ్ములు రెండూ సగం నిండిన నల్లదిమ్మెలుగా దర్శనమిస్తాయి. తెర నిండా విరిగిన గడులూ నల్లదిమ్మెలూ చూసి, ఫైలు పాడైందనుకుని పారేసేవాళ్లుంటారు. పాడవలేదు, అది చక్కటి తెలుగు. చిన్న పట్టిక పెట్టుకుని 179ని యూనికోడ్ ‘క’ అయిన 3093గా, మిగతావాటినీ అలాగే మార్చుకుంటూ పోతే వ్యాసం లేచి కూర్చుంటుంది.

ఆ తర్వాతి విండోస్ కాలం ఇంతకన్నా చిక్కు. అను, శ్రీలిపి లాంటి డీటీపీ ఫాంట్లలో సంకేతం అక్షరానికి కాదు, ముద్రలో కనిపించే ముక్కకు. తలకట్టుకొకటి, వత్తుకొకటి, గుడికొకటి. అవి ఏ ఇంగ్లిషు అక్షరం స్థానంలో కూర్చోవాలో ఒక్కో కంపెనీ తనకు తోచినట్టు నిర్ణయించుకుంది. ఇస్కీకి ఒక్క పట్టిక చాలు, వీటికి ఫాంటుకొకటి కావాలి. పత్రికల వెబ్‌సైట్లు తలో ఫాంటు వాడిన రోజుల్లో వాటిని యూనికోడ్‌లోకి మార్చిచూపిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పరికరం ఇలాంటి పట్టికలతోనే పనిచేసింది.

వీటన్నిటి మధ్యా నాకు ముచ్చటేసేది అమెరికా తెలుగువాళ్ల సంగతి. తొంభైల్లో వాళ్లు ఏ కార్డూ ఏ ఫాంటూ లేక, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో కొట్టుకున్నారు. చూడ్డానికి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, ఆ ఫైళ్లు ఇవాళ ఏ యంత్రంలోనైనా తెరుచుకుంటాయి, క్షణంలో తెలుగులోకి మారతాయి. అందంగా కంపోజ్ చేయించుకున్నవాళ్లదే ఇప్పుడు అవస్థ.

కాబట్టి డబ్బా ఖాళీ చేసేటప్పుడు ఒక పొరపాటు చేయకండి. పైన ‘ఫాంట్స్’ అనో, ‘ఇన్‌స్టాల్’ అనో రాసిన ఫ్లాపీ ఒకటి తగలవచ్చు. అందులో మన సొంత రాత ఏమీ లేదని అందరూ మొదట పారేసేది దాన్నే. మిగతా తొమ్మిదింటినీ చదవడానికి కావలసిన పట్టిక అందులోనే ఉండే అవకాశముంది. ఇమేజ్ తీయడం దానితోనే మొదలుపెట్టండి.