పాత లారీ సెన్సర్‌కు సరైన బోల్టు వెతకడం ఎలా?

మన సంస్థల బియ్యం బస్తాలు, దుప్పట్లు, నీళ్ల ట్యాంకులు మోసేవి ఎక్కువగా పాత లారీలే. దాతలు ఇచ్చిన బండి కావచ్చు, కిరాయి తీసుకోకుండా పంపిన బండి కావచ్చు. కొత్తది మాత్రం అరుదు. మన దాతల్లో లారీ యజమానులు, డ్రైవర్లు, షెడ్డు నడిపే ఉస్తాదులు ఉన్నారు. అందుకే ఈ సంచికలో ఒక చిన్న వస్తువు గురించి వివరిస్తున్నాం. అది ఇంజిన్ సెన్సర్‌ను పట్టి ఉంచే బోల్టు. దాని ఖరీదు కొద్ది రూపాయలే. కానీ అది సరిగా లేకపోతే సరుకుతో సహా లారీ దారిలో ఆగిపోవచ్చు.

ఆ బోల్టు చేసే పని

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.-4 నిబంధనలు అమలయ్యాయి. ఆ కాలపు లారీల్లో చాలావాటికి డీజిల్ ఎప్పుడు, ఎంత వెళ్లాలో కంప్యూటర్ పెట్టె నిర్ణయిస్తుంది. ఆ పెట్టెకు సమాచారం అందించేవి సెన్సర్లు. వాటిలో ముఖ్యమైనది క్రాంక్ సెన్సర్. ఇంజిన్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం పక్కన ఉండి, ఒక్కో పన్ను దాటినప్పుడల్లా ఇది కబురు పంపుతుంది. తరచుగా కనిపించే ఒక అమరికలో 60 పళ్లు ఉండాల్సిన చోట 58 మాత్రమే ఉంటాయి. ఆ రెండు పళ్ల ఖాళీని బట్టి క్రాంక్ షాఫ్టు ఏ స్థానంలో ఉందో పెట్టెకు తెలుస్తుంది.

సెన్సర్ మొనకూ, పంటికీ మధ్య సందు చాలా ఇంజిన్లలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. సెన్సర్‌ను కదలకుండా పట్టి ఆ సందును కాపాడేది బోల్టే. అది వదులైతే సెన్సర్ అదురుతుంది, లెక్క తప్పుతుంది. ఆర్‌పీఎం ముల్లు గెంతడం, సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ స్టార్టు కాకపోవడం దీని లక్షణాలు. వైరు తెగినా, సెన్సర్ పాడైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి, సెన్సర్ కొనేముందు బోల్టును చేత్తో కదిపి చూడమనండి. నడుస్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ కూడా ఆగుతుంది. రాత్రివేళ హైవే మీద నిలిచిపోయిన లారీ వెనక వచ్చేవారికి ఎంత ప్రమాదమో మనందరికీ తెలిసిందే.

‘పది నంబర్ బోల్టు’ అని అడగవద్దు

మన షెడ్లలో బోల్టును పానా నంబరుతో పిలవడం అలవాటు. కొనేటప్పుడు తిప్పలు ఇక్కడే మొదలవుతాయి. పది నంబర్ పానా పట్టేది మామూలు బోల్టయితే దాని కాడ 6 మి.మీ. ఉంటుంది. తల కింద వెడల్పు అంచు ఉన్న రకమైతే అదే పానాకు 8 మి.మీ. కాడ కూడా ఉండవచ్చు. జపాన్ పద్ధతి ఇంజిన్లలో 8 మి.మీ. బోల్టుకు 12 నంబర్ పానా పడితే, మామూలు బోల్టుకు 13 పడుతుంది. కాబట్టి దుకాణంలో ఈ నాలుగు విషయాలు చెప్పాలి.

కాడ మందం: వెర్నియర్‌తో త్రెడ్డు మీద కొలవాలి. 8 మి.మీ. బోల్టు 7.8, 7.9 దాకా చూపడం మామూలే.

త్రెడ్డు సందు: 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 1 మి.మీ., 8 మి.మీ. బోల్టుకు 1.25 మి.మీ. ఉంటుంది. అంగుళాల లెక్కలో 5/16 బోల్టు మందం 7.94 మి.మీ. కనుక కంటికి 8 లాగే కనిపిస్తుంది. కానీ దాని మామూలు త్రెడ్డు సందు 1.41 మి.మీ. పానాతో బలవంతంగా తిప్పితే ఇంజిన్ వైపు త్రెడ్డు పాడవుతుంది. త్రెడ్ గేజీ పెడితే తేడా క్షణంలో తేలుతుంది.

పొడవు: తల కింద నుంచి మొన వరకు కొలవాలి. పొడవు ఎక్కువైతే బోల్టు రంధ్రం అడుగున ఆనుకుంటుంది. బిగిసినట్టే అనిపిస్తుంది గానీ సెన్సర్ వదులుగానే ఉంటుంది. తక్కువైతే రెండు మూడు చుట్లే పట్టి, అల్యూమినియం త్రెడ్డు ఊడి వస్తుంది.

బలం: తల మీద 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల తన్యత బలం గల ఉక్కు అని అర్థం. పాత బోల్టు మీద ఏ గుర్తు ఉందో అదే తీసుకోవాలి. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ స్టీలు వేస్తే, తడి చేరినచోట అల్యూమినియం తినేసుకుపోయే అవకాశం ఉంది.

ఎక్కడ వెతకాలి?

మొదట ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు తీసుకుని కంపెనీ డీలరు వద్ద పార్ట్స్ కేటలాగులో చూపించుకోవాలి. బోల్టు విడిగా దొరకకపోయినా కొలతల వివరం దొరకవచ్చు. రెండోది, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి హార్డ్‌వేర్ బజారు. పాత బోల్టును వెంట తీసుకెళ్లాలి. మూడోది, విజయవాడ, హైదరాబాద్ ఆటోనగర్‌లలో విప్పి అమ్మే పాత ఇంజిన్లు. అదే రకం ఇంజిన్ నుంచి తీసిన బోల్టయితే సరిగ్గా కూర్చుంటుంది. త్రెడ్డు నలగలేదని మాత్రం చూసుకోవాలి.

బిగించేటప్పుడు

రంధ్రంలో మట్టి, నూనె తుడిచి, ముందు వేళ్లతోనే తిప్పాలి. వేళ్లతో ఎక్కనిదాన్ని పానాతో ఎక్కించకూడదు. సెన్సర్ చెవి రంధ్రంలో చిన్న లోహపు బుష్ ఉంటే అది పడిపోకుండా చూడాలి; లేకపోతే ప్లాస్టిక్ చిట్లుతుంది. 6 మి.మీ. బోల్టుకు సాధారణంగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే పది సెంటీమీటర్ల పానా చివర 8 నుంచి 10 కిలోల బలం. కంపెనీ వేరే అంకె చెబితే అదే పాటించాలి. త్రెడ్డు అప్పటికే పోయి ఉంటే పెద్ద బోల్టు దూర్చకుండా, లేత్ షాపులో హెలికాయిల్ వేయిస్తే పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది.

దాతలకు మా మనవి ఒక్కటే. సంస్థకు బండి ఇచ్చేటప్పుడు ఆర్‌సీతో పాటు, ఇంతవరకు మార్చిన విడిభాగాల నంబర్లు, బోల్టుల కొలతలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. డ్రైవర్ మారినా, ఉస్తాద్ మారినా ఆ కాగితం బండిలో ఉంటుంది. మీరు ఇచ్చిన బండి ఆగకుండా నడిస్తేనే మీరు ఇచ్చిన బియ్యం అందాల్సిన ఇంటికి అందుతుంది.