ఏసీలో గ్యాస్ ఎక్కడికి పోతుంది?

రోహిణి కార్తె దగ్గరపడితే ఏసీ మెకానిక్ ఫోను ఎత్తడమే గగనం. ఎత్తినా, "కూలింగ్ రావట్లేదండీ" అనే మాట మనం పూర్తి చెయ్యకముందే అవతల జవాబు సిద్ధంగా ఉంటుంది: "గ్యాస్ అయిపోయి ఉంటుంది సార్, ఎక్కించాలి." సాయంత్రానికి వస్తాడు. బయటి యూనిట్‌కు గొట్టం తగిలించి, సిలిండర్ తిప్పి, డబ్బు తీసుకుని వెళ్తాడు. ఆ రాత్రికి గది చల్లబడుతుంది. వచ్చే వేసవికి మళ్ళీ అదే ఫోను, అదే జవాబు. ఇలా ఏటా గ్యాస్ కొనే ఇళ్ళు మన ఊళ్ళలో తక్కువేం కాదు. ఆ అయిపోయిన గ్యాస్ ఎక్కడికి పోయిందని మాత్రం ఎవరూ అడగరు.

వంటింటి సిలిండర్లో గ్యాస్ మండించుకుంటాం కాబట్టి అయిపోతుంది. ఏసీలో గ్యాస్ అలా ఖర్చయ్యేది కాదు. పూర్తిగా మూసేసిన గొట్టాల్లో అది ద్రవంగా, ఆవిరిగా మారుతూ తిరుగుతూనే ఉంటుంది. కొన్న రోజున ఎన్ని గ్రాములు ఉందో, పదేళ్ళ తర్వాతా అన్ని గ్రాములే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. కారే చోటు వెతక్కుండా పైనుంచి నింపుతూ పోవడం వైద్యం కాదు, వాయిదా.

అసలు సంగతి ఏమిటంటే, కూలింగ్ తగ్గిన ప్రతి ఏసీలోనూ గ్యాస్ తగ్గి ఉండదు. అది తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కొంచెం చూడాలి.

ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు. గదిలో వేడిని బయటికి మోసుకుపోతుంది, అంతే. మోసేది గ్యాస్. కొత్త ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32 మామూలు గాలి పీడనంలో దాదాపు మైనస్ 52 డిగ్రీలకే మరిగిపోతుంది. గదిలో ఉండే కాయిల్‌లో దాన్ని కొంత పీడనంలో ఉంచుతారు కాబట్టి అక్కడ 5 నుంచి 10 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కాయిల్ మీదుగా వెళ్ళే గది గాలి నుంచి లాక్కుంటుంది. ఆ ఆవిరిని బయటి యూనిట్‌లోని కంప్రెసర్ పీల్చుకుని గట్టిగా అదుముతుంది. అదిమితే వేడెక్కుతుంది. బయటి కాయిల్‌లో అది మళ్ళీ ద్రవంగా మారేది 50 డిగ్రీలు దాటిన వేడిలో. అందుకే 42 డిగ్రీల ఎండలో వీచే గాలి కూడా దానికి చల్లగాలే. వేడినంతా ఆ గాలికి అప్పజెప్పి, సన్నటి కేపిలరీ గొట్టం గుండానో ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండానో దూరి, పీడనం పోగొట్టుకుని మళ్ళీ గదిలోకి వస్తుంది.

ఈ ప్రయాణంలో వేడి చేతులు మారేది రెండు చోట్ల: లోపలి కాయిల్ దగ్గర, బయటి కాయిల్ దగ్గర. రెండు చోట్లా ఆ పని జరగాలంటే గాలి ఆడాలి. గ్యాస్ మీద నేరం మోపేముందు గాలిని విచారించాలి.

విచారణకు కావలసిన పరికరం చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒక్కటే. ముందు రిమోట్ తెర మీద మంచుపువ్వు బొమ్మ ఉందో లేదో చూడండి. పిల్లలు నొక్కి ఫ్యాన్ మోడ్‌లోనో డ్రై మోడ్‌లోనో వదిలేసిన ఏసీలు కూడా మెకానిక్‌కు పని కల్పిస్తుంటాయి. కూల్ మోడ్‌లో, ఫ్యాన్ బాగా పెంచి, 16 డిగ్రీలు పెట్టి ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. (గది తొందరగా చల్లబడుతుందని 16 పెట్టుకునేవాళ్ళకు ఒక మాట: మామూలు కంప్రెసర్‌కు వేగం ఒక్కటే, 24 పెట్టినా అంతే వేగంగా తిరుగుతుంది. ఇన్వర్టర్‌ అయితే గది బాగా వేడిగా ఉన్నప్పుడు ఎలాగూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ నిబంధన ప్రకారం 2020 జనవరి నుంచి అమ్మే ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవుతాయి. 16 పనికొచ్చేది ఈ పరీక్షకే.) తర్వాత ఇండోర్ యూనిట్ పైభాగాన, గాలి లోపలికి వెళ్ళే చోట ఒకసారి, కింద చల్లగాలి బయటికొచ్చే చోట ఒకసారి ఉష్ణోగ్రత చూడండి. రెంటికీ తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉంటే యంత్రం తన పని తాను చేస్తోంది. బాగా ఉక్కగా ఉన్న రోజున కాస్త తగ్గవచ్చు. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే మాత్రం లోపం యంత్రంలో ఉంది.

తేడా బాగానే ఉండి, గది చల్లబడకపోవడం మన దగ్గర చాలా మామూలు. అప్పుడు తప్పు గదిది. 1 టన్ను ఏసీ అంటే 3.5 కిలోవాట్ల చొప్పున వేడిని తరలించేది. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల ఐసును, 24 గంటల్లో కరిగించే వేడి అది. అయితే ఈ సామర్థ్యాన్ని కొలిచేది గదిలో 27 డిగ్రీలు, బయట 35 డిగ్రీలు ఉంచి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో 35 అంటే పొద్దున్న టిఫిన్ వేళకు ఉండే వేడి. మధ్యాహ్నం 45కు చేరాక అదే యంత్రం అంత వేడిని మొయ్యలేదు. గదిలోకి దిగే వేడి మాత్రం అప్పుడే ఎక్కువ.

అందులోనూ పై అంతస్తు వాళ్ళ కష్టం వేరు. ఎండకు మాడిన డాబా పైభాగం 60 డిగ్రీల దరిదాపులకు పోతుంది. ఆ వేడి కాంక్రీటులో మెల్లగా కిందికి దిగుతుంది కాబట్టి, లోపలి కప్పు బాగా కాలేది మధ్యాహ్నం కాదు, పొద్దుగూకాక. భోజనాలు ముగించి ఏసీ వేసుకునే వేళకు ఆ కప్పు మంచి ఊపుమీద ఉంటుంది. గాలి 26 డిగ్రీలకు దిగినా, పైనుంచి వేడి నేరుగా ఒంటిమీదికి ప్రసరిస్తుంటే చల్లగా అనిపించదు. ఈ ఇంట్లో ఎన్నిసార్లు గ్యాస్ నింపినా ఫలితం ఉండదు. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించడమే మందు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే ఒకటి తెచ్చింది. గదిలో సీలింగ్ ఫ్యాను మెల్లగా తిప్పితే కూడా మేలే.

కోస్తాలో శత్రువు వేరు, తేమ. 1902లో విల్లిస్ కేరియర్ అనే ఇంజనీరు తన మొదటి ఏసీ యంత్రాన్ని రూపొందించింది మనుషుల సుఖం కోసం కాదు. బ్రూక్లిన్‌లోని ఒక ప్రెస్సులో తేమకు కాగితం సాగి రంగులు పక్కకు జరుగుతుంటే, ఆ తేమను అదుపు చెయ్యడానికి. ఏసీకి ఆ పని ఇప్పటికీ తప్పలేదు. ఒక లీటరు నీటిని గాలిలోంచి పిండాలంటే దాదాపు 2,450 కిలోజౌళ్ళ వేడిని తీసెయ్యాలి. డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి. గంటకు ఒక లీటరు పడితే, 1 టన్ను ఏసీ శక్తిలో దాదాపు ఐదో వంతు ఆ నీళ్ళకే పోయినట్టు. కాకినాడలో, విశాఖలో బాల్కనీ తలుపు వారగా తెరిచి ఏసీ వేసుకుంటే యంత్రం రాత్రంతా సముద్రపు గాలిని పిండుతూ కూర్చుంటుంది. గది చల్లబరిచే ఓపిక దానికి మిగలదు. తలుపు కిందనున్న సందు, బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యానూ ఇదే పని చేస్తాయి. ఎండు వేడి ఉండే హైదరాబాద్‌లో, అనంతపురంలో మే నెలలో నీళ్ళు తక్కువ పడటం మాత్రం జబ్బు కాదు.

ఇక యంత్రంలోనే లోపం ఉంటే మొదట చూడవలసింది ఫిల్టర్. మూత ఎత్తితే చేతికొచ్చే వలలాంటి జాలి అది. వేసవిలో రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి పెడితే చాలు. దాని వెనక కాయిల్ రేకుల మధ్య, ఇంకా లోపల గుండ్రంగా తిరిగే బ్లోయర్ రెక్కల మీద మట్టి పేరుకుంటే ఇంట్లో కుదరదు, సర్వీసింగ్ చేయించాలి. బ్లోయర్ రెక్కకు మందంగా మట్టి పట్టిందంటే మోటారు ఎంత తిరిగినా గాలి నెట్టలేదు.

గాలి తగ్గితే కాయిల్‌కు వేడి అందదు. వేడి అందకపోతే కాయిల్ సున్నాకు దిగువకు పోతుంది, దాని మీది తేమ మంచు కడుతుంది. మంచు గాలిని ఇంకా అడ్డుకుంటుంది. చివరికి ఏసీలో ఐసు ఉంటుంది, గదిలో ఉక్క ఉంటుంది. గ్యాస్ తగ్గినా ఇదే మంచు కడుతుంది. వినడానికి వింతే: మోసేది తగ్గితే చలి ఎలా పెరుగుతుంది? గ్యాస్ తగ్గితే కాయిల్‌లో పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గి సున్నా కిందికి జారుతుంది. ఉన్న కొద్దిపాటి ద్రవం కాయిల్ మొదట్లోనే ఆవిరైపోతుంది. అక్కడ మంచు, మిగతా కాయిల్ అంతా పొడి.

ఈ రెంటినీ విడదీయడం కష్టం కాదు. ఏసీని ఫ్యాన్ మోడ్‌లో పెట్టి మంచంతా కరగనివ్వండి. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకవద్దు, కాయిల్ చిల్లు పడుతుంది. ఫిల్టర్ కడిగి, ఫ్యాన్ పూర్తిగా పెంచి మళ్ళీ నడపండి. గాలి జోరుగా వస్తున్నా మంచు తిరిగి కడితే అప్పుడు గ్యాస్‌ను అనుమానించాలి. బయటి యూనిట్ దగ్గరకు అందితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పక్కన ఒకటి సన్నం, ఒకటి లావు, రెండు రాగి గొట్టాలు ఇత్తడి నట్లతో బిగించి ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న ఏసీలో లావు గొట్టం చల్లగా, చెమట పట్టినట్టు తడిగా ఉంటుంది. సన్నగొట్టం నట్టు దగ్గర తెల్లగా మంచు కట్టి, లావుది పొడిగా, గోరువెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గినట్టే లెక్క. ఆ నట్ల చుట్టూ దుమ్ము జిడ్డుగా అంటుకుని ఉంటే కారుతున్న చోటు కూడా దొరికినట్టే. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా తిరుగుతుంటుంది, కారేటప్పుడు అదీ బయటికి వస్తుంది.

బయటి యూనిట్ కథ ఎక్కువగా మన కట్టుబడి పనుల కథ. చూపుకు బాగుండదని దాన్ని అద్దాల బాల్కనీలో దాచేవారున్నారు, ముందు ఇనుప గ్రిల్లూ దానికి దోమతెరా బిగించేవారున్నారు, మీద బట్టలు ఆరేసేవారున్నారు. అపార్ట్‌మెంట్ల ఇరుకు డక్టులో ఒకదానిమీద ఒకటిగా నాలుగు యూనిట్లు పెడితే, కింది ఏసీ వదిలిన వేడిగాలినే పైది పీలుస్తుంది. వెనకాల పావురాలు గూడు పెడితే సరేసరి. వేడి వదిలే దారి లేనప్పుడు లోపల పీడనం పెరిగి, కంప్రెసర్ కాగిపోయి, రక్షణ కోసం తనంతట తాను ఆగిపోతుంది. కాసేపు కూలింగ్ వచ్చి, పోయి, అరగంటకు మళ్ళీ వస్తుందంటే ఇదే అయ్యుండొచ్చు.

బయట ఫ్యాను తిరగకుండా 'మ్‌మ్' అని మూలుగు మాత్రమే వినిపిస్తే చాలాసార్లు దోషి కెపాసిటర్. వేసవి వేడికి అది ఉబ్బిపోతుంది. చవకైన వస్తువే, అయినా స్విచ్ తీసేశాక కూడా దానిలో కరెంటు నిలవ ఉంటుంది, ఇంట్లోవాళ్ళు ముట్టుకోకూడదు. ఈ కెపాసిటర్ పోయిన ఏసీకి గ్యాస్ నింపించుకున్న ఇళ్ళూ ఉన్నాయి.

సరే, గ్యాస్ నిజంగానే కారింది. బిగింపు సరిగాలేని నట్టు కావచ్చు, సముద్రపు ఉప్పు కావచ్చు. క్లీనర్లు, పెయింట్లు, చెక్క జిగుర్ల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు తేమతో కలిసి రాగిని తొలిచే సూదిమొన రంధ్రాలూ కావచ్చు. పద్ధతిగా చేసే మెకానిక్ నైట్రోజన్ నింపి, సబ్బు నురగ పూసి బుడగలు వచ్చే చోటు పట్టుకుంటాడు. అతుకు వెయ్యాల్సివస్తే ముందు గ్యాస్ పూర్తిగా తీస్తాడు. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది, అది లోపల ఉండగా టార్చ్ వెలిగించడం ప్రాణాలతో చెలగాటం. తర్వాత వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను లాగేసి, త్రాసు మీద సిలిండర్ పెట్టి తూచి నింపుతాడు. ఎన్ని గ్రాములు పట్టాలో బయటి యూనిట్‌కు అంటించిన లేబుల్ మీదే రాసి ఉంటుంది. పని మొదలవకముందే ఆ లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి, త్రాసు తెచ్చాడో లేదో అడగండి. ఇందుకు గంటా రెండు గంటలు పడుతుంది. మే నెలలో రోజుకు పది ఇళ్ళు తిరిగే మనిషి ఆ టైము పెట్టలేకే సిలిండర్ తిప్పి వెళ్ళిపోతున్నాడు. అందుకే ఈ పని ఫిబ్రవరిలో పిలిచి చేయించుకోవాలి.

కారిన గ్యాస్ ఇంతకీ పోయేది ఆకాశంలోకే. కిలో ఆర్-32 వాతావరణాన్ని 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడెక్కిస్తుంది. పాత ఏసీల్లోని ఆర్-22 అయితే ఇంచుమించు 1,800 కిలోలతో సమానం, పైగా ఓజోన్ పొరకూ చేటు. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2030 నాటికి దాన్ని దాదాపు పూర్తిగా వదిలించుకోవాలి. అలాంటి పాత ఏసీ కాయిల్‌కు ఒకసారి అతుకు వేయించాక మళ్ళీ ఇంకోచోట కారిందంటే, ఇంకో అతుక్కి డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బు కొత్త దానికి కట్టే మొదటి కిస్తీలో వేసుకోవడం నయం.